పాత అడవిలో పెరుగన్నం

నా చిన్నప్పుడు మా ఇంట్లో చెడ్డ కబురు ఎవరికీ ఖాళీ కడుపు మీద చెప్పేవారు కాదు. ముందు అన్నం పెట్టేవారు. తిని, చెయ్యి కడుక్కుని, మంచినీళ్ళు తాగాక పక్కన కూర్చోబెట్టుకుని అప్పుడు చెప్పేవారు. ఇది మా ఒక్క ఇంటి పద్ధతేం కాదు, మనవాళ్ళలో చాలా ఇళ్ళలో ఉన్నదే. ఎవరూ ఎవరికీ నేర్పరు, అలా జరిగిపోతూ ఉంటుంది. కాకపోతే పెద్దవాళ్ళు తమకి తెలియకుండా చేసే పనులే పిల్లల కంట్లో ముందు పడతాయి. బడిలో లెక్కలు నాకు ఎప్పుడూ తలకెక్కలేదు కానీ ఈ లెక్క మాత్రం తొందరగానే పట్టేశాను.

గుంటూరు దగ్గరి పల్లెలో మా తాతయ్య పోయిన రోజు నాకు బాగా గుర్తుంది. అప్పటికి మేం న్యూజిలాండ్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు, ఆక్లండ్‌లో ఒక అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మా అమ్మ వృద్ధుల ఆసుపత్రిలో నర్సు. ఆమె నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి, వంటింటి గడప తొక్కని మా నాన్న ఉప్మా చేసి పళ్ళెంలో పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఉప్మా నిండా ఉండలు. అమ్మ పళ్ళేన్ని చూసింది, నాన్న మొహం చూసింది, మొత్తం తినేసింది. తిని, “ఇప్పుడు చెప్పండి, ఎవరు?” అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక సాయంత్రం అడక్కుండానే నాకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టారు. కోన్ చివరి ముక్క నోట్లో వేసుకున్నాక చెప్పారు, దేశానికి అట్టడుగున ఉన్న ఇన్వర్‌కార్గిల్ అనే ఊరికి మారిపోతున్నామని. నా స్నేహితులు, నా బడి, అన్నీ ఆ కోన్‌తో పాటే అయిపోయాయి. ఇప్పటికీ ఎవరైనా ఊరికే ఐస్‌క్రీమ్ పెడతానంటే ఒకసారి వాళ్ళ మొహంలోకి చూస్తాను.

ఇవన్నీ కూడబెట్టుకుని నా చిన్న బుర్ర ఒక సిద్ధాంతం చేసుకుంది. తింటేనే చెబుతారు. తినకపోతే చెప్పరు. చెప్పకపోతే అది జరగదు. మొదటి రెండూ నిజమే కాబట్టి మూడోదీ నిజమేనని గట్టిగా నమ్మాను.

ఇన్వర్‌కార్గిల్‌లో నాకు తమ్ముడు పుట్టాడు. వాడి గుండెలో చిల్లు ఉందన్నారు. ఏడిస్తే పెదాలు నేరేడుపండు తిన్నట్టు నల్లబడేవి, అందుకని ఇంట్లో అందరం వాడు ఏడవకుండా చూడటమే పనిగా పెట్టుకున్నాం. తాతయ్య పోయాక పల్లెలో ఏమీ తోచక తిరుగుతున్న మా అమ్మమ్మ, వాణ్ణి చూసుకోవడానికి విమానం ఎక్కి వచ్చేసింది. ఆమెకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. వస్తూనే ఈ ఊరిని ఐసు పెట్టె అని పేరు పెట్టింది. ఎండ వస్తుంది కానీ వేడి రాదు, ఇదేం ఎండ, దొంగ ఎండ అని రోజూ ఆకాశాన్ని తిట్టేది. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ కివీ, అంటే ఈ దేశం మనిషి. ఆవిడతో మాత్రం కంచె దగ్గర నిలబడి గంటలు గంటలు మాట్లాడేది. ఈవిడ తెలుగులో, ఆవిడ ఇంగ్లీషులో. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, అయినా ఒకరి మాటకి ఒకరు అడ్డం వచ్చేవారు.

మా అమ్మమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఈ సంగతి మా చుట్టాలందరికీ తెలుసు. ఎవరింట్లో ఎవరికి సంబంధం చూస్తున్నారో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో ఆమె చెవిన పడితే పొద్దు వాలేలోపు ఊరంతా తెలిసిపోయేది. దాచమని చెప్పి మరీ చెబితే ఇంకాస్త ముందే తెలిసేది. నా పుట్టినరోజుకి అమ్మ కొని దాచిన బొమ్మ ఏమిటో రెండు రోజుల ముందే నాకు చెప్పేసింది కూడా ఆమే. ఈ గుణం గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత ఒక రోజు నేను దాన్ని నమ్ముకునే ఒక ముద్ద తిన్నాను.

తమ్ముడికి ఆపరేషన్ చెయ్యక తప్పదని, అది ఆక్లండ్‌లోని పెద్దాసుపత్రిలో చెయ్యాలని డాక్టర్లు చెప్పారు. అమ్మా నాన్నా వాణ్ణి దుప్పట్లలో చుట్టుకుని విమానంలో వెళ్ళారు. నేనూ అమ్మమ్మా ఇంట్లో మిగిలాం. అప్పట్లో చేతిలో ఫోన్లు లేవు. మా నడవలో గోడకి తగిలించిన ఫోన్ ఒకటి ఉండేది. నాన్న రోజూ సాయంత్రం చేసేవారు. ఆ ఫోన్ కింద నేల మీదే కూర్చుని బొమ్మలు వేసుకునేదాన్ని, అక్కడే హోంవర్క్ చేసేదాన్ని. కూర్చునేదాన్నని పేరుకే, నిమిషానికోసారి లేచి, రిసీవర్ సరిగా పెట్టి ఉందో లేదో చూసి మళ్ళీ కూర్చునేదాన్ని. అసలే కుదురు లేని పిల్లనని పేరు, ఆ రోజుల్లో అయితే ముళ్ళ మీద ఉన్నట్టే ఉండేది. అమ్మమ్మ నన్ను, ఆ ఫోన్‌ని మార్చి మార్చి చూసేది.

ఒక పొద్దున నన్ను ఎవరూ లేపలేదు. కళ్ళు తెరిచేసరికి కిటికీ అద్దం మీద మంచు కరిగి కారుతోంది, బడి వేళ దాటిపోయింది. వంటింట్లోకి వెళ్తే అమ్మమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది. ఆమె ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పొయ్యి పక్కన అన్నం అప్పటికే వండి, పెరుగు కలిపి, తాలింపు కూడా పెట్టి ఉంది. పొద్దున్నే పెరుగన్నం ఏమిటి? జ్వరం వచ్చినా బడికి తోసే మనిషి, ఇవాళ బడి వద్దులే అంది. గిన్నె దగ్గరికి జరిపి, రా, ముందు తిను అంది.

ఆ మాట వింటూనే రెండడుగులు వెనక్కి వేశాను. ఆకలి లేదన్నాను. పళ్ళు తోముకోలేదన్నాను. తోముకొచ్చాక కడుపులో నొప్పి అన్నాను. అమ్మమ్మ గిన్నె పట్టుకుని వంటింట్లోంచి నడవలోకి, నడవలోంచి గదిలోకి నా వెనకే తిరిగింది. నేను మళ్ళీ ఫోన్ కింద చేరాను. అక్కడ ఆమె ఆగిపోయింది. ఫోన్ వంక చూసింది, నా వంక చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి అన్నం స్టీలు డబ్బాలో సర్ది, మాగాయ ముక్క ఒకటి అంచున పెట్టి మూత బిగించి, నీళ్ళ సీసా తీసుకుంది. చీర మీద అమ్మ జాకెట్టు తొడుక్కుంది. నాన్న గంబూట్లలో కాళ్ళు దూర్చింది. “పద, ఆ చెట్ల కాడికి పోదాం” అంది.

ఇల్లు కదలడానికి చలికి భయపడే మనిషి తనంతట తాను బయటికి పోదామనడం నా భయాన్ని ఇంకా పెంచింది. అయినా వెళ్ళాను. ఎందుకంటే ఫోన్‌కి దూరంగా ఉంటే కబురుకీ దూరంగా ఉన్నట్టేనని నాకు తోచింది.

మా వీధి చివర ఒక డెయిరీ ఉండేది. డెయిరీ అంటే ఇక్కడ పాలకేంద్రం కాదు, మూల మీద కిరాణా కొట్టు. అది దాటితే గొర్రెలు మేసే పచ్చిక, ఆ పచ్చికకీ రోడ్డుకీ మధ్య చిన్న అడవి. అడవి అనడానికి మొహమాటపడేంత చిన్నది. ఈ చివర నిలబడితే ఆ చివర కార్ల చప్పుడు వినిపిస్తుంది. కానీ ఊరు పుట్టకముందు ఆ మైదానమంతా అలాంటి అడవేనట. పొలాల కోసం, ఇళ్ళ కోసం కొట్టుకుంటూ పోగా, ఎవరి పుణ్యమో ఈ గుప్పెడు మిగిలింది. కహికటియా అనే చెట్లు. మొదలు దగ్గర నలుగురు చేతులు కలిపినా అందనంత లావు, కొమ్మ లేకుండా నిటారుగా పైకి పోయి, ఎక్కడో మెడ నొప్పి పుట్టేంత ఎత్తున ఆకు విప్పుతాయి. నేలంతా చిత్తడి. అందుకని చెక్కలు పరిచి కాలిబాట వేశారు. ఆ బాట చెట్ల మధ్య గుండ్రంగా తిరిగి మళ్ళీ మొదలుపెట్టిన చోటికే వస్తుంది.

గేటు దగ్గర ఒక బోర్డు ఉండేది. ఎప్పుడు వెళ్ళినా అమ్మమ్మ నాతో అది చదివించుకునేది. ఆ రోజూ చదవమంది. ఈ చెట్లలో కొన్నిటికి ఎన్నో వందల ఏళ్ళ వయసని గబగబా అప్పజెప్పాను. మొదటిసారి చదివినప్పుడు, ఎవరు నాటారంట అని అడిగింది. ఎవరూ నాటలేదట అన్నాను. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే ఇంతయ్యాయా అని చాలాసేపు పైకి చూసి, ఆ తర్వాత మూతి విరిచి, ఇది అడవేందే, మా మామిడితోటంత లేదు అంది. అయినా ఎండ ఉన్న రోజున అక్కడికే తీసుకెళ్ళమనేది. మాగాణి భూముల మధ్య పుట్టి పెరిగిన మనిషి, అడవి అన్నది ఆమెకి ఈ దేశంలోనే దొరికింది.

లోపలికి వెళ్ళగానే, అన్నిటికంటే పెద్ద చెట్టు దగ్గర పడి ఉన్న మాను మీద కూర్చుని డబ్బా మూత తీసింది. నేను కూర్చోలేదు. బాట మీద నడక మొదలుపెట్టాను. నడక పరుగైంది. చెక్కల మీద నా బూట్లు టపటపమంటుంటే కాలుగాలిన పిల్లిలా ఆ చెట్ల చుట్టూ తిరిగాను. చల్లగాలి గొంతులో గీరుకుపోతోంది. ఆగితే వినాల్సొస్తుందని భయం, అందుకని ఆగలేదు. కానీ అది గుండ్రటి బాట కదా, ఎంత వేగంగా పరుగెత్తితే అంత తొందరగా మళ్ళీ అమ్మమ్మ దగ్గరికే వచ్చేదాన్ని. వచ్చిన ప్రతిసారీ ఆమె చెయ్యి ముద్ద పట్టుకుని బాట మీదికి చాచి ఉండేది. నేను మూతి బిగించి, చెయ్యి కింద నుంచి దూరి పారిపోయేదాన్ని. అడవి అంత చిన్నదైనందుకు ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

నా వెనక ఒక పిట్ట పడింది. విసనకర్రలా తోక విప్పుతూ మూస్తూ ఉంటుంది, ఫ్యాన్‌టెయిల్ అంటారు ఇక్కడ. మనుషులు నడిస్తే లేచే పురుగుల కోసం వెంటపడుతుందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అది కూడా నన్ను తినమని తరుముతోందనే అనుకున్నాను. ఒక్క క్షణం ఒక్క చోట ఉండదు, కొమ్మ మీంచి కంచె మీదికి, కంచె మీంచి నా తల మీదికి. అమ్మమ్మ దాన్ని చూసి, ఇదిగో వచ్చింది నీ చెల్లెలు, నీకంటే కుదురులేంది అంది. ఆమె నవ్వడానికి చేసిన ప్రయత్నం నాకు కనిపించింది. నవ్వు మాత్రం రాలేదు.

చివరికి నా కాళ్ళే నన్ను ఆపాయి. ఆమెకి అందనంత దూరంలో నిలబడి, రొప్పుతూ, ముందు చెప్పు అన్నాను. ముందు తిను అంది. నువ్వు చెప్తేనే తింటాను అన్నాను. నువ్వు తింటేనే చెప్తాను అంది. అలా ఎంతసేపు నడిచిందో తెలియదు, ఇద్దరం మొండివాళ్ళమే. ఆఖరికి నేను తట్టుకోలేక అరిచేశాను. “నేను తింటే నువ్వు చెప్పేస్తావు! నేను తినను! వాడు చచ్చిపోడు!”

అమ్మమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నేను ఇంట్లో పొద్దున్నుంచి గిన్నె నుంచి ఎందుకు పారిపోతున్నానో ఆమెకి అప్పుడు తెలిసింది. ముద్ద మొండితనంతో కాదు, భయంతో వద్దన్నానని తెలిసింది. నన్ను తిట్టలేదు, దగ్గరికి రమ్మని పిలవలేదు. నా కోసం పట్టుకున్న ఆ ముద్దని మెల్లగా తన నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకో ముద్ద కలుపుకుని, మాగాయ అంటించుకుని అదీ తింది. తర్వాత నా మొహంలోకి చూసి, చెడ్డ కబురు కడుపులో పెట్టుకున్నదానికి ముద్ద దిగుద్దా అని అడిగింది.

నేను ఆమె గొంతు వంకే చూస్తున్నాను. ముద్ద దిగడం కనిపించింది. ఆలోచించాను. పుట్టినరోజు బొమ్మ సంగతే దాచలేని మనిషి. ఏదైనా ఉంటే ఈపాటికి నోరు జారేదే. పైగా కమ్మగా తింటోంది. అంటే ఏమీ లేదు. ఊరికే నన్ను తినమంటోంది, అంతే. వెళ్ళి ఆమె పక్కన మాను మీద కూర్చున్నాను. ఎంత ఆకలి వేస్తోందో అప్పుడు తెలిసింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆమె కలిపి పెడుతూనే ఉంది, నేను తింటూనే ఉన్నాను. ఆ చలిలో చల్లటి పెరుగన్నం పళ్ళకి జివ్వుమంది, అయినా అంత రుచి నాకు మళ్ళీ దొరకలేదు.

సీసాలో నీళ్ళతో నా మూతి కడిగింది. కొంగు జాకెట్టు కింద ఎక్కడో ఉంటే వెతికి బయటికి లాగి తుడిచింది. నీళ్ళు తాగించింది. తర్వాత నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు చెప్పింది.

తెల్లవారకముందే నాన్న ఫోన్ చేశారట, నేను నిద్రలో ఉండగా. తమ్ముడికి రాత్రి బాగా ఎక్కువైందట. ఇంక ఆగడానికి లేదని పొద్దున్నే ఆపరేషన్‌కి తీసుకెళ్ళిపోయారట. బతికే ఆశ సగమే అన్నారట. “ఇప్పుడే జరగతా ఉంది. నాకూ ఇంతకుమించి తెలీదు. వాడు నీ తమ్ముడు, నీకు తెలియాల” అంది.

నేను చేతులు లాక్కున్నాను. అబద్ధం చెప్పావు అన్నాను. చెడ్డ కబురు ఉంటే ముద్ద దిగదన్నావు, తిన్నావు కదా అని ఏడుస్తూ అరిచాను. దిగదని నేను అనలేదు, దిగుద్దా అని అడిగానంతే అని ఆమె నాతో వాదించవచ్చు, ఊళ్ళో పంచాయితీల్లో మాటకి మాట తీసిన మనిషే. అలా చెయ్యలేదు. తల అడ్డంగా ఊపి, “దిగదమ్మా. దింపుకోవాల” అంది.

ఆ తర్వాత చెప్పిన మాటలు ఆమె గొంతుతో సహా ఇప్పటికీ నాలో ఉన్నాయి. కబురు విన్నాక మనిషి రెండు రోజులు మెతుకు ముట్టడు. కానీ ఆ రెండు రోజులే అసలు పనంతా ఉంటుంది. లేవాలి, పరుగెత్తాలి, పక్కవాళ్ళని పట్టుకోవాలి. మనసు కూలబడినా కాళ్ళు నిలబడాలి కదా. అందుకని ముందే పెడతారు. నువ్వు తినకపోతే జరిగేది ఆగదే బంగారం, నువ్వే పడిపోతావు, అంతే తేడా అంది.

నాకు ఆ మాటలు అప్పుడు ఓదార్పుగా అనిపించలేదు. కోపం వచ్చింది, భయం రెట్టింపైంది. మళ్ళీ లేచి బాట మీద పరుగు తీశాను. ఈసారి ఒక చుట్టు తిరిగొచ్చేసరికి అమ్మమ్మ మాను మీద లేదు. డబ్బా చంకలో పెట్టుకుని, నాన్న గంబూట్లు ఈడ్చుకుంటూ బాట మీద నడుస్తోంది. పక్కన చేరాను. కూర్చోమని ఆమె అనలేదు, కుదురుగా ఉండమనీ అనలేదు. నాకు తోడుగా తిరిగింది, అంతే. పెదాలు మాత్రం ప్రార్థనలో కదులుతున్నాయి. అలిసిపోయినప్పుడు ఒక చెట్టు మొదట్లో చెయ్యి ఆనించి ఊపిరి తీసుకునేది, మళ్ళీ కదిలేది. ఆ పిట్ట మా ఇద్దరి వెనకా వచ్చింది. పైన ఎక్కడో గాలి వీస్తుంటే ఆ మహా వృక్షాలు కిర్రుమని మూలిగేవి. ఎన్ని వందల ఏళ్ళు నిలబడ్డా చెట్టుకీ కుదురు లేదన్నమాట అనుకున్నాను, ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది.

ఇంక పోదామా అని ఆమే అడిగింది. కబురు రావాలంటే ఫోన్ దగ్గరికి వెళ్ళాలి కదా. పొద్దున పారిపోయిన ఆ ఫోన్ వైపు నా కాళ్ళతో నేనే నడిచాను. ఇంటి మెట్ల మీద పక్కింటి కివీ పెద్దావిడ నిలబడి ఉంది, చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెంలో వేడి వేడి స్కోన్లు, అంటే వెన్న రాసుకు తినే చిన్న రొట్టెలు. మాకు ఏదో అయిందని ఆమెకి ఎలా తెలిసిందో నాకు తెలియదు. కంచె దగ్గర ఆ పొద్దున్నే అమ్మమ్మ తెలుగులో చెప్పుకుని ఉంటుంది, ఆవిడకి మాటలు కాకపోయినా మొహం అర్థమై ఉంటుంది. పళ్ళెం నా చేతికిచ్చి, తినండి అని మాత్రం అంది.

ముగ్గురం నడవలో నేల మీద కూర్చున్నాం. ఇద్దరు ముసలివాళ్ళ మధ్య నేను. స్కోన్లు చల్లారిపోయాయి. నా కాలు దానంతట అదే ఆడుతోంది, అమ్మమ్మ దాని మీద చెయ్యి వేసింది కానీ ఆపమనలేదు. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది.

అమ్మమ్మ లేచి అందుకుంది. నేను రిసీవర్‌కి అవతలి వైపు చెవి ఆనించాను. నాన్న గొంతు చాలా దూరం నుంచి, అరిగిపోయినట్టు వినిపించింది. ఆయన అన్న మొదటి మాట ఇదీ. “అత్తయ్యా, అన్నాలు తిన్నారా?”

మేమిద్దరం ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకున్నాం. ఆ ఒక్క క్షణంలో ఎన్ని చావులు చచ్చానో చెప్పలేను. ఈసారి నేను పారిపోలేదు. అమ్మమ్మ నా భుజం పట్టుకుని, “తిన్నాం బాబూ. చెప్పు” అంది.

వాడు బతికాడు. కళ్ళు తెరిచాడని, పెదాలు ఎర్రగా ఉన్నాయని నాన్న చెబుతూ చెబుతూ ఏడ్చేశారు. తిన్నారా అని ఊరికే అలవాటుగా అడిగారట, అంతే. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా అమ్మమ్మ ఆయన్ని ఆ మాటకి తిడుతూనే ఉంది, ఆ పూట నా ప్రాణం తీశావు గదయ్యా అని. కివీ పెద్దావిడకి నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆమె అమ్మమ్మని కావలించుకుంది. ముగ్గురం చల్లారిన స్కోన్లు మొత్తం తినేశాం.

ఇప్పుడు నా జుట్టు సగానికి పైగా తెల్లబడింది. మా ఊళ్ళో చదువుకోవడానికొచ్చి స్థిరపడిన తెలుగు పిల్లలందరికీ నేను ఆంటీని, వాళ్ళ పిల్లలకి అమ్మమ్మని. అమ్మలాగే నేనూ నర్సునయ్యాను, ఇన్వర్‌కార్గిల్‌లోనే ఉండిపోయాను. కుదురు మాత్రం ఇప్పటికీ రాలేదు, ఫోన్ మోగితే గదంతా తిరుగుతూ మాట్లాడతాను. ఈ రోజుల్లో కబుర్లకి ఓపిక లేదు. పొయ్యి మీద పాలు పొంగేలోపు చావు కబురు ఫోన్ తెర మీద పడుతుంది, కింద చేతులు జోడించిన బొమ్మతో సహా. తిన్నావా లేదా ఎవరికి కావాలి? ఆసుపత్రిలో ఎవరి ఇంటివాళ్ళకైనా చెప్పకూడని మాట చెప్పవలసి వచ్చినప్పుడు నేను ముందు టీ పెడతాను. వాళ్ళు కప్పు పట్టుకుని నా మొహంలోకి చూస్తారు. తాగితే చెబుతుందేమోనని భయపడే కళ్ళు నేను గుర్తుపట్టగలను, అవి ఒకప్పుడు నావి. అప్పుడు నా కప్పులోంచి నేను ముందు ఒక గుక్క తాగుతాను. అదెంత కష్టమో, మా అమ్మమ్మ ఆ మాను మీద కూర్చుని ఆ ముద్దలు ఎలా దింపుకుందో, ప్రతిసారీ కొత్తగా తెలుస్తుంది.

తమ్ముడు ఇప్పుడు గుమ్మంలో నిలబడితే గుమ్మం నిండేంత మనిషి. టౌరంగా అనే ఊళ్ళో ఉంటాడు. అక్కడ చలి తక్కువని అమ్మ కూడా నాన్న పోయాక వాడి దగ్గరికే వెళ్ళింది. వాడు ఇక్కడే పుట్టినవాడు, తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తిరగదు, నాతో ఇంగ్లీషులోనే మాట్లాడతాడు. ఈ కథ మాత్రం వాడికి కంఠతా వచ్చేంతగా చెప్పాను. చిన్నప్పుడు వాణ్ణి ఆ పాత అడవికి తీసుకెళ్ళి, ఇదిగో ఈ మాను మీదే అని చూపించాను.

పోయిన చలికాలంలో అమ్మని ఆసుపత్రిలో చేర్చారు. రెండు మూడు రోజుల్లో వెళ్దామని బట్టలు సర్దుకుంటున్నాను, సర్దినవి తీసి మళ్ళీ సర్దుతున్నాను. మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. ఎప్పుడూ హాయ్ అంటూ ఇంగ్లీషులో మొదలుపెట్టేవాడు. ఆ రోజు మాత్రం వచ్చీ రాని తెలుగులో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అడిగాడు.

“అక్కా, తిన్నావా?”

నేను తినలేదు. పెట్టెయ్యకు, ఆగు అన్నాను. ఫోన్ వంటింటి బల్ల మీద పెట్టాను. గిన్నెలో పొద్దున వండిన అన్నం ఉంది. పెరుగు వేసి కలిపాను, నిలబడే కలిపాను. అవతల వాడు ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ముద్ద దిగలేదు. దింపుకున్నాను. ఇంకొకటి దింపుకున్నాను. చెయ్యి కడుక్కుని, మంచినీళ్ళు తాగి, ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

“తిన్నానురా. చెప్పు” అన్నాను.